పెనెలోపీకి చివర్లో ముక్కు మారిపోవడం సబబేనా?

మూడులాంతర్లు (విజయనగరం):
‘పెనెలోపీ’ అనే ఈ ఇంగ్లీషు సినిమా పాతదే. 2006లో టొరంటో చిత్రోత్సవంలో చూపించారు, అమెరికా థియేటర్లకి 2008లో వచ్చింది. చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. విల్హర్న్ అనే గొప్పింటి కుర్రాడు వెనకటికి ఒక పనిపిల్లని గర్భవతిని చేసి, ఇంట్లోవాళ్ళు కాదనేసరికి వదిలేస్తాడు. ఆ పిల్ల ప్రాణం తీసుకుంటుంది. వాళ్ళమ్మ మంత్రగత్తె. ఈ ఇంట పుట్టే ఆడపిల్లకి పంది ముఖం వస్తుందని, ఆ పిల్లని తనవాళ్ళలో ఒకరు మనసారా తమదనుకుంటేనే పోతుందని శపిస్తుంది. తరాల తరబడి అందరూ మగపిల్లలే. చివరికి పెనెలోపీ పుడుతుంది, పంది ముక్కుతో. ఆపరేషన్ చేయిద్దామంటే మెదడుకి వెళ్ళే రక్తనాళం ఆ ముక్కులోంచే పోతోందంటారు. తల్లి బిడ్డ చచ్చిపోయిందని లోకానికి చెప్పి ఇంట్లోనే పెంచుతుంది. ఈడొచ్చాక గొప్పింటి సంబంధాలు పిలిపిస్తుంది. వచ్చినవాడు ముక్కు చూసి కిటికీలోంచి దూకి పరుగో పరుగు.

ఆఖరికి ఒకడు ఒప్పుకుంటాడు. పెళ్ళి మధ్యలో ఆ పిల్లే వద్దని వచ్చేస్తుంది. తల్లి బతిమాలితే “నేనెలా ఉన్నానో అలాగే నాకు ఇష్టం” అంటుంది. అంతే, ముక్కు మామూలు ముక్కైపోతుంది.

అడిగేది ఇదే. అలాగే ఇష్టమన్న పిల్లకి ఆ ముక్కు ఉంచాలా, తీసేయాలా? నా మటుకు తీసేయడం మోసం.

నాగావళిఒడ్డు (శ్రీకాకుళం):
పచ్చి మోసం. 2001లో వచ్చిన ‘ష్రెక్’లో ఫియోనా చివరికి ఆకుపచ్చగానే మిగిలింది కదా, జనం చూడలేదా? ఇంకో సంగతి, పెనెలోపీగా వేసిన రిచీకి పెట్టిన ఆ ముక్కు కూడా ముద్దుగానే ఉంటుంది. నిజంగా చూడలేని ముఖం పెట్టే ధైర్యం వాళ్ళకే లేదు.

మా చెల్లికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఏడురోడ్ల దగ్గర ఒక స్టూడియోలో ఫొటో తీయించాం. అడక్కుండానే తెల్లగా చేసి ఇచ్చాడు. ముఖం పాలమీగడ, మెడ దగ్గర గీత గీసినట్టు రంగు మారిపోయింది, గాజుల చేతులు మాత్రం మా ఇంటి రంగే. పైగా జడలోని కనకాంబరాలు గులాబీ రంగుకి తిరిగాయి. మా అమ్మకి ఆ ఫొటోయే నచ్చింది! ఇలాంటి చోట బతుకుతున్న పిల్లలకి ‘నిన్ను నువ్వు ఇష్టపడు, అప్పుడు అందం దానంతటదే వస్తుంది’ అని చెప్తే ఏం లాభం? అది కూడా క్రీము అమ్మినట్టే.

కోటజంక్షన్ మాస్టారు (విజయనగరం):
అమ్మా, కోపం అర్థమైంది గాని వరస చూడండి. భారతంలో అష్టావక్రుడి కథ ఉంది, అరణ్యపర్వంలో. ఎనిమిది వంకర్ల ఒంటితోనే జనకుడి సభకి వెళ్ళాడు, ఆ ఒంటితోనే వంది అనే పండితుణ్ణి వాదంలో ఓడించాడు, నీళ్ళపాలైన తండ్రిని వెనక్కి తెచ్చుకున్నాడు. అంతా అయ్యాక తండ్రి చెప్తే సమంగ నదిలో మునిగాడు, అవయవాలు తిన్నగా అయ్యాయి. అది చదివి వ్యాసుడు మోసం చేశాడని ఎవరైనా అన్నారా? గెలిచింది వంకర ఒళ్ళే. ఇక్కడా అంతే. పందిముక్కుతోనే ఇల్లు విడిచి బయటపడింది, ఆ ముక్కుతోనే బారులో బీరు తాగింది, ఊరంతా చూసింది, మెచ్చింది. పెళ్ళికొడుకుని కాదన్నదీ ఆ ముక్కుతోనే. తర్వాత పోతే పోయింది.

నాగావళిఒడ్డు:
మాస్టారూ, అష్టావక్రుడికి పెళ్ళి కుదరదని వాళ్ళమ్మ ఏడవలేదు. మగాడి వంకర వేరు, ఆడపిల్ల ముక్కు వేరు.

గాజులరేగ కుర్రాడు:
ఏటి గురూ, సినిమాకి ఇంత టెన్షనా? హీరో మెకవాయ్ బాగున్నాడు, చూశాం, అయిపోయింది.

తోటపాలెం (విజయనగరం):
తమ్ముడూ, ఆ హీరో దగ్గరే అసలు విషయం ఉంది. శాపం ‘తనవాళ్ళలో ఒకరు’ అన్నదాన్ని అమ్మానాన్నా ఎలా తీసుకున్నారు? గొప్ప రక్తం, మన అంతస్తు, మన వంశం. అందుకే గొప్పింటి కుర్రాళ్ళనే వరసగా కూర్చోబెట్టారు. ఆ పిల్ల మనసుపడినవాడికేమో వంశం లేదు. వాడు జానీ, పేపరువాడు డబ్బిచ్చి వేరే పేరుతో పంపిన మనిషి. పెళ్ళి చేసుకోమని ఆ పిల్లే అడిగితే, తన వల్ల శాపం పోదని తెలిసి వద్దంటాడు. తీరా చూస్తే శాపం తీరడానికి ఏ కుర్రాడూ అక్కర్లేదు, ఆ పిల్లే చాలు. ఇన్నేళ్ళూ పిల్లని ఇంట్లో మూసిపెట్టింది ముక్కు కాదు, పెద్దలు శాపానికి చెప్పుకున్న అర్థం. మన దగ్గర పిల్ల ఫొటో కన్నా ముందు ఏం అడుగుతారో వేరే చెప్పాలా? పైడితల్లమ్మ పండక్కి చుట్టాలు దిగినప్పుడు చూడండి, సిరిమాను ఇంకా కదలకుండానే ఇద్దరు ముగ్గురు పిల్లల ఇంటిపేర్లు, గోత్రాలు తేలిపోతాయి. రంగు గురించి ఆ తర్వాత.

అందుకని ముక్కు పోవడం నాకు పెద్ద తప్పు అనిపించలేదు. జానీకి కూడా ఆ సంగతి ముందు తెలీదు. పెనెలోపీ తన పాత ముఖం మాస్కు పెట్టుకుని వెళ్తుంది, వాడు ముద్దుపెట్టి, శాపం పోగొట్టలేకపోయానని బాధపడతాడు. మాస్కు తీసేది ఆ తర్వాతే.

మూడులాంతర్లు:
తోటపాలెం గారూ, ఆ మాస్కు ముచ్చట బాగానే ఉంది. కానీ మాస్కు తీశాక కనపడేది సినిమాతార ముఖమే. థియేటర్లో కూర్చున్న పిల్ల ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే అక్కడ మాస్కు ఉండదు, తీయడానికి.

పొందూరుపత్తి (శ్రీకాకుళం జిల్లా):
ముక్కు ఉంచాలా తీయాలా అని ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆ తల్లి గురించి ఎవరూ మాట్లాడరేం? తప్పు చేసింది వెనకటి మగాడు. చచ్చిపోయింది పనిపిల్ల. శాపం తగిలింది ఎన్నో తరాల తర్వాత పుట్టిన పిల్లకి. ఆఖర్న మంత్రగత్తె, ఇన్నాళ్ళూ ఇంట్లో బట్లరుగా తిరిగిన మనిషి, ఎవరి నోరు మూయించింది? తల్లిది. మాట పడిపోతుంది, జనం నవ్వుతారు. తండ్రి రక్తంలోంచి వచ్చిన శాపం కదా, ఆయనకి చిన్న జలుబైనా చేయలేదు.

నాగావళిఒడ్డు:
పిన్నీ, ఆవిడ పిల్లని చచ్చిపోయిందని చెప్పి దాచింది. నోరు పోతే పోనీ.

పొందూరుపత్తి:
దాచింది, నిజమే. వెనకేసుకు రావడం లేదమ్మా. కానీ పెళ్ళిచూపుల్లో పిల్లకి పౌడరు రాసేది తల్లే, ‘తల దించుకుని కూర్చో’ అనేది తల్లే, సంబంధం తప్పిపోతే మాట పడేదీ తల్లే. వసారాలో కుర్చీ వేసుకుని మగపెళ్ళివారితో రాజకీయాలు మాట్లాడిన నాన్నని ఎవరైనా ఏమైనా అన్నారా? మీ చెల్లి ఫొటో సంగతే చూడు. అమ్మకి తెల్ల ఫొటో నచ్చిందన్నావు. నాన్నకి ఏది నచ్చిందో నువ్వు రాయలేదు.

నాగావళిఒడ్డు:
నాన్న ఫొటో చూడలేదు పిన్నీ. డబ్బులిచ్చారంతే.

కోటజంక్షన్ మాస్టారు:
ఈ ప్రశ్నకి నా దగ్గర భారతం లేదు.

గాజులరేగ కుర్రాడు:
సరే, ఇంత అన్నారు కాబట్టి మళ్ళీ చూస్తాను. ఈసారి నాన్న సీన్లు చూస్తా. ఫోన్లో తెలుగు సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండి, మా అమ్మ కూడా చూస్తానంటోంది.