అప్‌డేట్: నీటి ఎద్దడిలో ద్రాక్షకు నీళ్లు ఎంత తగ్గించాలో లెక్క తేలింది

నీళ్లు సగానికి పడిపోతే ద్రాక్షకు ఆకు తగ్గించాలా, తడులు తగ్గించాలా అని అడిగాను. రెండూ చేయాలి, కానీ ముందు ఆకు.

తీగ తాగే నీరు అది పరిచే నీడను బట్టి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నేలమీద నీడ ఎంత శాతమో కొలిచి 0.017తో గుణిస్తే పంట గుణకం, అంటే రిఫరెన్స్ ఈటీలో ఎంత వంతు నీరు తీగకు కావాలో చెప్పే అంకె వస్తుంది. నీడ 40 శాతమైతే 0.68. రిఫరెన్స్ ఈటీ (ఆ వాతావరణంలో పచ్చిక నేల నుంచి ఆవిరయ్యే నీరు) రోజుకు 6 మి.మీ., మొక్కకు 3×2 మీటర్ల జాగా ఉంటే, ఈ మూడూ గుణిస్తే మొక్కకు రోజుకు సుమారు 24 లీటర్లు. అదనపు రెమ్మలు తీసి నీడను 30 శాతానికి దించితే 18 చాలు. గుత్తులకు సాయంత్రపు ఎండ తగిలే వైపు ఆకులు మాత్రం తుంచొద్దు, కాయ మాడిపోతుంది.

నీటి కోత పిందె నిలిచాక, కాయ మెత్తబడేలోపే. పూతలో కోత పెడితే పిందె రాలుతుంది, అది మళ్లీ రాదు. ఈ నీటి కోత కాలంలో సగం, అంటే రోజుకు 9 లీటర్లు. మొక్కకు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండుంటే వారానికి 8 గంటలు. రోజూ గంటేసి ఇస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. 4 గంటల చొప్పున రెండుసార్లు ఇవ్వాలి. ఇసుక నేలైతే మూడు విడతలు.

నీరు చాలినప్పుడు నులితీగలు చిగురు కొనను దాటి సాగుతాయి. అవి వాలి, కొన నెమ్మదిస్తే కోత సరిగ్గా ఉన్నట్టు. రెమ్మ మొదట్లోని ఆకులు పసుపెక్కి రాలుతుంటే మితిమీరింది, ఆ రోజే తడి ఇవ్వాలి.

అన్నట్టు, డ్రిప్పర్ కింద గ్లాసు పెడితే 3 నిమిషాల్లో 200 మి.లీ. పడాలి. తక్కువైతే పూడుకుపోయినట్టే, పై లెక్కంతా తప్పుతుంది.