చెరువు ఎండి మళ్లీ నిండితే చేపలకు నష్టం లేనట్టేనా?

మత్తడి_కాడ:
ఎండాకాలం మా చెరువు అడుగంటి నాలుగు మడుగులు మిగిలాయి. వానలకు మత్తడి దూకింది, మళ్లీ చేపలు కనిపిస్తున్నాయి. "ఏ జాతీ పోలేదు, కరువుతో నష్టమేం లేదు" అంటున్నారు ఊళ్లో. మీరేమంటారు?

వలగాడు:
నేనూ అదే అంటాను. కొర్రమట్ట గాలి పీలుస్తుంది, బురదలో కూడా నెట్టుకొస్తుంది. పైగా ఒడిదుడుకులు మరీ ఎక్కువ, మరీ తక్కువ కాకుండా ఉన్నచోటే జాతులు ఎక్కువని జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ 1978లోనే చెప్పాడు. ఒకే జాతి చెరువంతా ఆక్రమించకుండా కరువు ఆపుతుంది.

నీటిపిట్ట:
కానెల్ ఆ మాట అన్నది ఉష్ణమండల అడవులనీ పగడపు దిబ్బలనీ చూసి. అక్కడ ఖాళీ పడితే పక్క నుంచి కొత్తవి వచ్చి చేరతాయి. మే నెలలో ఎండిన చెరువుకు ఎక్కడి నుంచి వస్తాయి?

అసలు నా అభ్యంతరం జాతుల లెక్క మీదే. మడుగులో 20 కొర్రమట్టలు మిగిలాయనుకుందాం. వానాకాలం గట్టు పక్కన నీటి మీద ఎర్రగా కదిలే పిల్లల గుంపు చూడండి, కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి. వందల పిల్లలు, చూస్తే కడుపు నిండుతుంది. కానీ అవన్నీ ఒక్క జంట పిల్లలు! సంఖ్య త్వరగానే కోలుకుంటుంది, జన్యువుల్లోని తేడాలు కోలుకోవు. చెరువు మొత్తంలో నూటికి ఒకటిగా ఉన్న జన్యువు రకం ఆ 20 చేపల్లో ఒక్కదానిలోనూ లేకుండా పోయే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు. రేపు వచ్చే రోగాన్ని తట్టుకునే గుణం అందులోనే ఉంటే?

వలగాడు:
మత్తడి దూకితే పై చెరువుల చేపలు వస్తాయి కదా, ఆ లోటు తీరదా?

నీటిపిట్ట:
చాలావరకు తీరుతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల గొప్పతనం అదే. పై చెరువు నీళ్లతో చేపలు కిందికొస్తాయి, కొన్ని ఎదురెక్కి పైకీ పోతాయి. తరానికి కొన్ని కొత్త చేపలు కలిసినా మేలే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంతటి వానకు కట్టలు తెగితే చేపలు పొలాల్లో పడి చస్తాయి, నిజమే. అయినా నాకు వరద కంటే పూడిపోయిన వాగంటేనే భయం. దారి మూసుకుపోతే కరువు తీసుకున్నదాన్ని వరద తిరిగి ఇవ్వలేదు. హేచరీ పిల్లలు వదిలితే సరిపోతుందనుకోవద్దు, కొద్ది తల్లి చేపల నుంచే తీస్తే అవీ తోబుట్టువులే.

మత్తడి_కాడ:
పై చెరువు నుంచి వచ్చే వాగుకు అడ్డంగా రెండేళ్ల కింద రోడ్డు వేశారు. తూము చాలా సన్నది. రేపు పొద్దున వెళ్లి చూస్తా, చేప దూరేంత ఉందో లేదో.