ఆవకాయ సైన్సా, టెక్నాలజీయా?

కొత్తజాడీ:
మా అబ్బాయిది ఎనిమిదో తరగతి. సైన్స్‌కీ టెక్నాలజీకీ తేడా ఏంటో ఇంట్లో ఉన్న వస్తువుతో చెప్పమన్నారట. నేను ఆవకాయ జాడీ చూపించి ‘ఇది టెక్నాలజీ, సైన్స్ కాదు’ అన్నాను. మా ఆయన ఒప్పుకోరు. సైన్స్ లేకుండా టెక్నాలజీ ఎక్కడిది అంటారు. మీరేమంటారు?

పాతలెక్కలు:
మీ ఆయన మాటే రైటు. జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు నేల మీద వాటికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందు నడుస్తాయి. ఐన్‌స్టైన్ లెక్కతో సరిచేయకపోతే ఒక్కరోజులోనే మ్యాప్ కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. ఆ లెక్క 1915 నాటికే ఉంది. మొదటి జీపీఎస్ ఉపగ్రహం ఎగిరింది 1978లో.

ఉప్పూకారం:
అది సరే, అన్నీ అలా రాలేదు కదండీ. ఫ్రాన్సులో నికొలా అపేర్ అని ఒక మిఠాయిలాయన. ఆహారాన్ని సీసాల్లో పెట్టి, బిరడా బిగించి, నీళ్లలో మరిగిస్తే నెలల తరబడి పాడవదని కనిపెట్టి 1810లో పుస్తకమే వేశాడు. ఎందుకు పాడవదో ఆయనకూ తెలీదు. కుళ్లడానికి కారణం సూక్ష్మజీవులని నిరూపించిన పాశ్చర్ పుట్టిందే 1822లో!

పాతలెక్కలు:
అలా చేసి చూడటం సైన్స్ కాదా? మా అమ్మమ్మ ఏటా ఉప్పు పాళ్లు మార్చి చూసేది.

ఉప్పూకారం:
కాదనను. కానీ ఆవిడకు కావలసింది ఏడాది నిలవుండే పచ్చడి. కారణంతో ఆవిడకేం పని?

బీపీమాత్ర:
పని ఉంటుందండీ. నిరుడు బీపీ అని ఉప్పు సగానికి తగ్గించి పెట్టించాను. ముక్కలు తుడిచి ఆరబెట్టాం, మూడో రోజు తిరగగలిపాం, తడి గరిటె తగలనివ్వలేదు. నెల తిరక్కుండానే జాడీ అంచున తెల్లటి బూజు! పద్ధతి అంతా తెలుసు, ఉప్పు ఎందుకో తెలీదు. అది నీటిని పట్టేసుకుని సూక్ష్మజీవులకు అందనివ్వదట. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు, గాలి లేనిదే బూజు పెరగదు. ఈ ఏడు తక్కువ ఉప్పుతో కొంచెమే పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాం.

పాతలెక్కలు:
ఫ్రిజ్ ఆవకాయా! దానికంటే బూజే నయం.

కొత్తజాడీ:
బీపీమాత్ర గారి బూజు కథ మావాడు నోట్‌బుక్‌లో రాసేసుకున్నాడు. వాళ్ల నాన్న మాత్రం ఇంకా జీపీఎస్ దగ్గరే ఉన్నారు.