వారం వారం జీపు కింద కడుగుతున్నా తుప్పు ఆగడం లేదు

చెరువు గట్టు:
మొగల్తూరు వైపు మాకు వనామి రొయ్యల చెరువులున్నాయి. గట్ల మీద తిరగడానికి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు వాడుతున్నాను. వానాకాలంలో చక్రాలు సగం దాకా ఉప్పు బురదలో దిగబడతాయి. నెలకోసారి పిల్లలను పేరుపాలెం బీచికి తీసుకెళ్లేదీ దానిలోనే. ఇసుకలోకి పోనిచ్చేదాకా వాళ్లు ఊరుకోరు.

రెండేళ్ల క్రితం 130 బార్ ప్రెషర్ వాషర్ కొన్నాను. ప్రతి ఆదివారం జీపును సిమెంటు ర్యాంపు ఎక్కించి, గోనెపట్టా పరుచుకుని కింద దూరి, గంటసేపు బోరు ఆన్ చేసి కొడతాను. అయినా మొన్న వెనక కమాను కట్టల దగ్గర ఛాసిస్‌ను గోటితో గీకితే అప్పడం ముక్కంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. ప్రెషర్ చాలడం లేదా? ఇంకా పెద్ద మిషను కొనాలా? వాటర్ సర్వీసింగ్ వాళ్లేమో వాడేసిన ఇంజిన్ ఆయిలు, డీజిలు కలిపి కింద కొట్టించమంటున్నారు.

పాత స్పానరు:
పెద్ద మిషను వద్దండి. ఉన్నదానితోనే కొంత చేటు చేసుకుంటున్నారేమోనని నా అనుమానం. కాకినాడలో ఇరవై రెండేళ్లుగా జీపులు, ట్రాక్టర్లు విప్పుతున్నాను. సూది ధార పెట్టి దగ్గర నుంచి కొడితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది, సీళ్ల సందుల్లోంచి నీరు లోపలికి పోతుంది. డిఫరెన్షియల్ ఆయిలు మజ్జిగలా తెల్లబడిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టి, జానెడున్నర దూరంలో ఉండండి. వైరింగ్ కప్లర్ల జోలికి పోకండి. సైలెన్సరు, బ్రేకులు చల్లారాకే మొదలుపెట్టండి. కడిగాక గ్రీజు పట్టించే నిపుళ్లలో కొత్త గ్రీజు ఎక్కించండి.

మీకు ఊడి వచ్చిన పెచ్చు సరే, నాకు భయం ఛాసిస్ లోపలి గురించి. అది బోలుగా ఉంటుంది. అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, గట్ల మీద తిరిగే బండికి అవి తప్పకుండా పూడిపోయి ఉంటాయి. పాత సైకిలు పుల్లతో పొడిచి తెరవండి. తర్వాత మామూలు నీళ్ల గొట్టాన్ని ఛాసిస్ చివర కంతలోకి దూర్చి మెల్లగా వదలండి. మొదట కాఫీ రంగులో కారుతుంది. తేటబడేదాకా ఆపకండి.

వాడిన ఆయిలు మాత్రం కొట్టించవద్దు. రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి, ఆ జిడ్డుకు ఇసుక అంటుకుని తడిని పట్టి ఉంచుతుంది.

రిటైరైన సైన్సు మాస్టారు:
అన్నీ బాగున్నాయి గానీ, బోరు అన్నారు చూశారా, నేను అక్కడే ఆగిపోయాను. మా చెల్లెలిది నరసాపురం పక్క ఊరు. వాళ్ల బోరు నీటితో పప్పు ఉడికిస్తే వేరే ఉప్పు వేయనక్కరలేదు.

ఉప్పునీటితో కడిగితే బురద పోతుంది, ఉప్పు మిగులుతుంది. నీరు ఆరిపోయినా అది ఇనుము మీద పొరలా ఉండిపోతుంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు తనంతట తానే తేమను లాక్కుని కరిగిపోతుంది. సముద్రం పక్కన రాత్రిళ్లు ఆ హద్దు దాటడం మామూలే. షెడ్డులో ఊరికే నిలబెట్టినా మీ జీపు అడుగు తడి ఆరదన్నమాట. చెరువు నీటిలో ఉప్పెంతుందో చూసే రిఫ్రాక్టోమీటరు మీ దగ్గర ఉండే ఉంటుంది. బోరు నీటిని ఒకసారి దానిలో చూడండి బాబూ.

చెరువు గట్టు:
మాస్టారూ, సిగ్గుగా ఉంది. రోజూ పొద్దున్నే చేతిలో పట్టుకునే పరికరమే అది. డిస్టిల్డ్ వాటర్ చుక్కతో సున్నాకు సరిచేసుకుని, తుడిచి, బోరు నీటి చుక్క వేసి మూత వాల్చి వెలుతురుకేసి చూశాను. నీలం, తెలుపు కలిసే గీత 8 దగ్గర నిలిచింది, అంటే వెయ్యి పాళ్లలో 8 పాళ్లు ఉప్పు. సముద్రం 35 అయితే నా బోరు 8! పంచాయతీ కుళాయి నీటికి గీత సున్నా మీద నుంచి కదలలేదు. వంద ఆదివారాలు గోనెపట్టా మీద పడుకుని జీపుకు ఉప్పునీటి స్నానం చేయించాను.

కానీ ఇప్పుడు కాలువలకు నీళ్లు ఆపేశారు. కుళాయి రోజుకు అరగంటే వస్తోంది. ఏం చేయను?

పాత స్పానరు:
మాస్టారు పట్టుకున్నారు, నేను బోరు మాట చదివి కూడా దాటేశాను. బురద వదిలించడానికి బోరు నీరే వాడుకోండి. చివరి కడుగు మాత్రం, ఛాసిస్ లోపలికి పెట్టేదానితో సహా, మంచినీటితోనే. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి వారమంతా కొంచెం కొంచెంగా నింపుకోండి. ఇంట్లో వాడే వాషర్లు నిమిషానికి ఆరేడు లీటర్లకు మించి తాగవు, అరగంట వస్తుంది. కడిగాక నాలుగు కిలోమీటర్లు తిప్పి, మధ్యమధ్య బ్రేకు తొక్కి ఆరబెట్టండి.

పెచ్చు ఊడిన చోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. దిగకపోతే గీకి ప్రైమర్ వేయండి. దిగితే వెల్డింగే. బ్లీచింగు బస్తాలు కూడా ఆ జీపులోనే మోస్తున్నారా? మోస్తుంటే మానేయండి, ఆ పొడి కూడా ఇనుమును తినేస్తుంది.

చెరువు గట్టు:
మోస్తున్నాను. రేపటి నుంచి ట్రాక్టరు మీద.

డ్రమ్ము వచ్చింది. స్క్రూడ్రైవరు ఎడమ వైపు ఒకచోట దిగిపోయింది, గురువారం వెల్డింగుకు ఇస్తున్నాను. ఆ బోరు నీళ్లకే మల్లె పాదు మాడిపోయిందని మా ఆవిడ మూడేళ్ల నుంచి అంటోంది. గీత 8 చూపించిన సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.