లేక్ నకూరులో ఫ్లెమింగోలు ఇప్పుడు కనిపిస్తున్నాయా?

నమస్కారమండీ. ఆగస్టులో అమ్మను కెన్యాలోని లేక్ నకూరు నేషనల్ పార్కుకు తీసుకెళ్తున్నాను. మాది సూళ్లూరుపేట. పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలను చూస్తూ పెరిగిన మనిషి అమ్మ. నకూరు ఒడ్డంతా గులాబీరంగు పరుచుకున్న పాత క్యాలెండర్ బొమ్మ ఇప్పటికీ ఆమె బీరువా తలుపుకు అంటించే ఉంది.

కానీ సరస్సులో నీళ్లు పెరిగి, ఉప్పదనం పలచబడి, అవి తినే నాచు తగ్గాక చాలావరకు బొగోరియా సరస్సుకు వెళ్లిపోయాయట. ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, నకూరులో కొన్నైనా కనిపిస్తాయా? లేక బొగోరియాకు ఇంకో రోజు పెట్టుకోవాలా? ఖడ్గమృగాల కోసం నకూరు ఎలాగూ వదలను, అక్కడ తెల్లవీ నల్లవీ రెండూ ఉన్నాయి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. నైరోబీ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, ఒకే రోజులో వెళ్లిరావడమంటే టెన్షన్‌గా ఉంది. పార్కు లోపల మట్టిరోడ్ల కుదుపులు ఎక్కువా? సఫారీ బండి ఎక్కడానికి మెట్టు అడిగితే పెడతారా?