14 మందితో కలిసి మిషన్ స్టేట్‌మెంట్ రాయించాలి, ఎలా నడపాలి?

ప్రశ్న

నమస్తే అండి. మాది 14 మంది వాలంటీర్ల బృందం. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్లకు సాయంత్రాలు చదవడం, రాయడం నేర్పిస్తాం. ఆరేళ్లుగా నడుస్తోంది. ఈమధ్య కొత్తవాళ్లు చేరాక, అసలు మనం చేసే పనేంటి అంటే తలా ఒక మాట చెబుతున్నారు. అందుకని అందరం కూర్చుని ఒక మిషన్ స్టేట్‌మెంట్ రాసుకుందామనుకున్నాం. నడిపించే పని నాకిచ్చారు.

పోయిన ఆదివారం కూర్చున్నాం. నేనే చార్టు మీద ఒక వాక్యం రాసి మొదలుపెట్టాను: "అక్షరజ్ఞానం ద్వారా సాధికారత కల్పించడం." రెండున్నర గంటలు ఆ "సాధికారత" దగ్గరే ఆగిపోయాం. ఒకరు "ఆత్మవిశ్వాసం" అన్నారు, ఒకరు "స్వావలంబన" అన్నారు. "కల్పించడం" అంటే మనమేదో పైనుంచి ఇస్తున్నట్టుందని ఇంకొకరు బాధపడ్డారు. నేను ఒక మాట కొట్టేసి పైన ఇంకోటి రాస్తూ పోయాను. చివరికి చార్టు నిండా కొట్టివేతలే. మాట్లాడింది మొత్తం నలుగురు. మొదటి రోజు నుంచీ మాతో ఉన్న పెద్దావిడ ఒకరు నోరే విప్పలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఆ చార్టు మీద మన క్లాసుకొచ్చేవాళ్లు ఒక్కరూ కనబడలేదమ్మా" అన్నారు. ఆ మాట అప్పటినుంచీ నన్ను వదలడం లేదు.

రెండు వారాల్లో మళ్లీ కూర్చోవాలి. టెన్షన్‌గా ఉంది. ఈసారి ఎలా నడపమంటారు?

జవాబు 1

ఆ పెద్దావిడ మీకు దారి చెప్పేశారు. ఈసారి వాక్యంతో మొదలుపెట్టకండి, మనుషులతో మొదలుపెట్టండి.

నేను ఇలాంటి సమావేశాలు చాలా నడిపాను. ఖాయంగా చెప్పగలిగింది ఒకటే: గుంపుగా కూర్చుని వాక్యం రాయడం కుదరదు. వాక్యంలో పెట్టాల్సిన విషయాన్ని మాత్రం గుంపే ఇవ్వాలి. ఈ రెండు పనులూ ఒకే పూట పెట్టుకున్నారు కాబట్టే పదాల దగ్గర చిక్కుకున్నారు.

మొదటి పూట అందరికీ కార్డులివ్వండి. "మన పని సరిగ్గా జరిగింది అని మీకు అనిపించిన ఒక రోజు గురించి రాయండి" అనండి. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత వరసగా ఒక్కొక్కరూ ఒక్కో కార్డు చదవాలి. మధ్యలో చర్చ వద్దు, వాళ్లు చెప్పింది చెప్పినట్టే చార్టు మీద ఎక్కించండి. మెరుగుపెట్టొద్దు. దీన్ని నామినల్ గ్రూప్ టెక్నిక్ అంటారు, 1971లో డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు పరిశోధకులు దీని గురించి రాశారు. ముందు మౌనంగా రాయించడంలోనే దాని బలమంతా ఉంది. గలగలా మాట్లాడే నలుగురికీ, నోరు విప్పని పదిమందికీ అప్పుడు సమానంగా చోటు దొరుకుతుంది.

తర్వాత కార్డులన్నీ నేలమీద పరచండి. దగ్గరగా అనిపించినవాటిని పక్కపక్కన చేర్చమనండి. జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవాకితా తన క్షేత్రపర్యటనల నోట్సును ఇలాగే పేర్చుకుంటూ ఒక పద్ధతి తయారుచేశారు, ఆయన పేరు మీదే కేజే పద్ధతి అంటారు. శీర్షికలు ముందే పెట్టి కార్డుల్ని వాటికింద సర్దొద్దు. కుప్పలు పడ్డాకే పేరు పెట్టండి, అదీ ఒక్క పదం కాకుండా చిన్న వాక్యంగా. "విద్య" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ కుప్పలు తీసుకుని ఇద్దరు ఇంటి దగ్గర చిత్తుప్రతి రాయాలి. ఇద్దరికీ అభిప్రాయభేదం ఉంటే ఇంకా మంచిది. రెండో పూట ఆ చిత్తుప్రతికి పరీక్ష పెట్టండి. ఈమధ్య మీరు తేల్చుకోలేకపోయిన నిర్ణయం ఒకటి తీసుకుని, ఈ వాక్యం అప్పుడే ఉంటే జవాబు దొరికేదా అని అడగండి. దొరకదు అంటే వాక్యం ఎంత అందంగా ఉన్నా పని చేయనట్టే.

ఇంకొకటి. నడిపించేవాళ్లే మొదటి వాక్యం రాస్తే మిగతావాళ్లు దాన్ని దిద్దడంలోనే ఉండిపోతారు. ఈసారి మార్కర్ మీ చేతిలో ఉన్నా మాట మీది కాకూడదు.

జవాబు 2

పైవారు చెప్పినదానికి చిన్న చేర్పు. "అందరికీ ఓకేనా?" అని మాత్రం అడగొద్దు. తలలూపేసి వెళ్లిపోతారు. ఒకేసారి అందరినీ చేతులెత్తి వేళ్లు చూపించమనండి. ఐదు వేళ్లంటే పూర్తిగా ఇష్టం, పిడికిలంటే ఒప్పుకోను. రెండు మూడు చూపించినవాళ్లను "ఎందుకు?" అని కాకుండా "ఏం మారిస్తే నాలుగవుతుంది?" అని అడగండి. ఎందుకు అంటే సంజాయిషీ చెప్పుకోవాలేమో అనుకుంటారు.

అసలు మీ దగ్గర చదువుకునేవాళ్లను అడిగారా? వాళ్ల గురించిన వాక్యం వాళ్లు లేకుండా తేల్చేయకండి.

ప్రశ్న అడిగినవారు (నెల తర్వాత)

ఇద్దరికీ చాలా థాంక్సండి. రెండు పూటలూ అయ్యాయి.

కార్డుల మీద ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. పెద్దావిడ రాసింది ఇది: ఒకామె బ్యాంకులో డబ్బు తీసుకునే ఫారం మొదటిసారి తనే నింపింది. మొత్తాన్ని అక్షరాల్లో రాసేచోట ఒక తప్పు పడి ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఆమె నేరుగా క్లాసుకొచ్చి, ఆ ఒక్క పదం నేర్చుకుని, మర్నాడు మళ్లీ వెళ్లింది. ఇది చదవగానే గదిలో గాలే మారిపోయింది. పరచి చూస్తే ఆరు కార్డుల్లో "తన చేత్తో" అన్న మాటే ఉంది. సాధికారత అని ఎవరూ రాయలేదు.

చిత్తుప్రతిని చదువుకునేవాళ్లలో ఇద్దరికి ఇచ్చి పైకి చదవమన్నాం. "ఆవశ్యకమైన" దగ్గర ఒకామె ఆగిపోయారు. వెంటనే "కావలసిన" అని మార్చాం.

ఇప్పుడు ఇలా ఉంది: "చదువు మధ్యలో ఆగిన పెద్దవాళ్లు తమకు కావలసిన కాగితం తామే చదువుకుని, తమ చేత్తో రాసుకోగలిగేదాకా వాళ్ల పక్కన కూర్చుంటాం."

పిల్లలకు ట్యూషన్లు పెట్టాలా అని ఏడాదిగా నలుగుతున్న విషయం దీంతో తేలిపోయింది, పెట్టడం లేదు. పన్నెండు మంది నాలుగో ఐదో చూపించారు. ఇద్దరు మూడు దగ్గరే ఆగారు. ఇప్పుడు చాలా ఫారాలు ఫోన్‌లోనే నింపాల్సి వస్తోంది కదా, "కాగితం" అంటే సరిపోతుందా అని వాళ్ల ప్రశ్న. అది సబబే. ఆరు నెలలు ఈ వాక్యంతో నడిచి, ఆ మాట కోసం మళ్లీ కూర్చుంటాం.