నాలుగు మొక్కలా, నాలుగు కిలోలా? ఇంటి గంజాయికి షరతులు రాయాల్సి వస్తే

ట్రంకురోడ్డు:
కొన్ని దేశాలు గంజాయిని పెద్దల సరదా వాడకానికి చట్టబద్ధం చేసి, ఇంట్లో ఇన్ని మొక్కలని పెంచుకోనిస్తున్నాయి. మన దగ్గర అది నేరం, అందులో రెండో మాట లేదు. రేపు పార్లమెంటు చట్టం మారిస్తే ఇంటి పెంపకానికి షరతులు ఎట్లా రాయాలి అన్నదే ఇక్కడి చర్చ. మంచిదా చెడ్డదా అని మొదలుపెట్టొద్దు, ఆ గోల ఎప్పుడూ ఉండేదే. ఎట్లా పెంచాలో అడగొద్దు, చెప్పొద్దు.

తెలియని వాళ్ల కోసం ఇప్పటి లెక్క. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 20 కింద, కొద్ది మోతాదు అంటే కిలో లోపు గంజాయితో దొరికితే ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై దాకా. మొక్క పెంచిన కేసులో మాత్రం ఈ మెట్లేవీ లేవు. ఒక్క మొక్కయినా పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. అంటే అర కిలో కొని సంచిలో వేసుకున్నోడికంటే పెరట్లో ఒక మొక్క ఉన్నోడికి పడగల శిక్షే ఎక్కువ. కొత్తగా రాసేవాళ్లు ముందు సరిచేయాల్సింది ఇదేనని నా ఉద్దేశం.

కొండపి బ్యారన్:
పొగాకు జిల్లాలో కూర్చుని దీనికి బయటి దేశాల వైపు చూడటం ఎందుకన్నా? 1975 చట్టంతో వచ్చిన పొగాకు బోర్డు వర్జీనియా పొగాకుకి చేస్తున్నది ఇదేగా. రైతు పేరు రిజిస్టర్ కావాలి. ఆకు కాల్చే బ్యారన్‌కి లైసెన్సు ఉండాలి. ఆ ఏడాది బ్యారన్‌కి ఇంత పండించుకో అని బోర్డు చెబుతుంది. ఆకు కాల్చి, గ్రేడు కట్టి, బేలు చేసి వేలం కేంద్రానికే తోలాలి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, అవతల నెల్లూరు వైపు కలిగిరి, డీసీ పల్లి. కాటా వాళ్లది, కంప్యూటర్‌లో రైతు నంబరు మీదే ఎక్కుద్ది. ఎవరు ఎంత అమ్మారో సాయంత్రానికి తెలిసిపోద్ది.

తేడా ఎక్కడొస్తదో కూడా చెబుతా. ఒకటి కౌలు. లైసెన్సు ఒకరి పేరు, పంట ఇంకొకరిది. ఒకరికి మిగిలింది ఇంకొకరి నంబరు మీద పోద్ది. రెండోది, పంట ఎక్కువొచ్చినా తుఫాను దెబ్బ కొట్టినా కేంద్రం అదనపు పొగాకు అమ్ముకోనిస్తది, ఒక్కోసారి అపరాధ రుసుం కూడా తీసేస్తది. ఆ అలవాటు పడ్డాక పరిమితిని ఎవడు లెక్కచేస్తాడు? మూడోది బర్లీ రకం పొగాకు. అది బోర్డు వేలంలోకి రాదు. ముందటేడు ధర చూసి అందరూ వేశారు, 2025లో కంపెనీలు చేతులెత్తేస్తే రాష్ట్ర సహకార సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. లైసెన్సు కాగితం కంటే ముందు చూడాల్సింది సరుకు ఏ గేటులోంచి బయటికి పోతదన్నది.

మూలాపేట వకీలు:
బ్యారన్ గారూ, మీ లెక్క వ్యాపార సాగుకి సరిపోతుంది. ఇంటి పెంపకానికి సరిపోదు, ఎందుకంటే అక్కడ అమ్మకమే ఉండకూడదు కాబట్టి గేటు కూడా ఉండదు. ఇంకోటి, ఇది రాష్ట్రం జీవోతో అయ్యే పని కాదు. సెక్షన్ 10 రాష్ట్రాలకు సాగుపై నిబంధనలు రాసే అధికారం ఇస్తుంది, సెక్షన్ 14 నార, విత్తనం, ఉద్యాన అవసరాలకు వీలు కల్పిస్తుంది. ఉత్తరాఖండ్ 2018లో పారిశ్రామిక సాగుకి లైసెన్సులు మొదలుపెట్టింది ఈ దారిలోనే. సరదా వాడకం వీటి కిందికి రాదు.

బయటి దేశాల అంకెలు పెడుతున్నాను. ఉరుగ్వే 2013 చట్టం: ఇంటికి ఆరు మొక్కలు, ఏడాదికి 480 గ్రాములు, పేరు నమోదు తప్పనిసరి. కెనడా 2018: ఇంటికి నాలుగు. మనిషికి కాదు, ఇంటికి. అక్కడి క్యూబెక్ రాష్ట్రం ఆ నాలుగూ కుదరదంటే కెనడా సుప్రీంకోర్టు 2023లో క్యూబెక్ పక్షానే నిలిచింది. జర్మనీ 2024 ఏప్రిల్: పెద్దవాళ్లకి తలా మూడు మొక్కలు, ఇంట్లో 50 గ్రాములు, బయట 25.

జర్మనీ అంకెలు ఒకదానికొకటి పొసగవు. ఆరుబయట బాగా ఎదిగిన మూడు మొక్కల పూత ఎండినా 50 గ్రాములు ఎప్పుడో దాటిపోతుంది. అంటే చట్టం ఒప్పుకున్న మొక్కే, కోత రోజు మనిషిని చట్టం దాటిస్తుంది. మొక్కల సంఖ్యా రాశారు, బరువూ రాశారు, రెండూ కలిపి చూసినవాడు లేడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రానిది ఇంకో పొరపాటు. వైద్యం పేరుతో ఒకే ఇంట్లో 99 మొక్కల దాకా పెంచుకునే సందు ఉండేది. అది పూడ్చి ఇంటికి 12 అని కట్టేయడానికి 2018 దాకా పట్టింది. అందుకే తలకి ఇన్ని అని రాయకూడదు, గడపకి ఇన్ని అని రాయాలి. మన ఉమ్మడి ఇంట్లో ఆధార్ కార్డులు ఎనిమిది, పది ఉంటాయి మరి.

పచ్చిరొట్ట:
మొక్కల సంఖ్య కొలతే కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇది పగటి పొడవును బట్టి పూసే మొక్క. ఒంగోలు, నెల్లూరు పదిహేను డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూ ఉండేవి, ఎండాకాలంలో కూడా పగలు దాదాపు పదమూడు గంటలే. చల్లటి దేశాల రకం ఇక్కడ మోకాలెత్తుకే పూతకొచ్చేస్తుంది, ఈ నేలకు అలవాటైన రకం మనిషిని మించి పోతుంది. రెండూ చట్టంలో ఒక్కొక్క మొక్కే. కుండీలో మొక్క, చేలో మొక్క అన్న తేడా సరేసరి.

రాయాల్సింది ఎండిన పూత బరువు. పచ్చిది ఎండితే నాలుగైదో వంతుకు దిగుతుంది. కెనడా అందుకే ఒక గ్రాము ఎండినదానికి అయిదు గ్రాముల పచ్చిది సమానం అని పట్టిక పెట్టింది. మన చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లు. ఆ చివర్లు లేకుండా ఒట్టి ఆకు, గింజ అందులోకి రావు. అయినా మొక్క మొత్తం, వేరుతో సహా కాటా మీద పెట్టారని బెయిలు పిటిషన్లలో తరచూ వాదన వస్తుంటుంది. తూకం ఎట్లా వేయాలో చట్టంలోనే లేకపోతే ఆ గొడవ ఇంటింటికీ వస్తుంది.

ఇంకొక మాట, అనువాదం చేసేవాళ్లకి. హెంప్ అంటే నార, గింజ కోసం వేసే గంజాయి రకం, మనం వరి చేలో చల్లే జనుము కాదు, జనుము వేరే మొక్క. జనపనార ఇంకొకటి. ప్రభుత్వ కాగితంలో ఈ పేర్లు కలిస్తే రైతు జైలుకి పోతాడు.

పెన్నాగట్టు:
మీరంతా అంకెల్లో పడి ఇల్లు మర్చిపోయారబ్బయ్యా. ఏజెన్సీ సరుకు చెన్నై పోవాలంటే పదహారో నంబరు హైవే మీదనే, ఒంగోలు దాటి నెల్లూరు మీదుగా. ఇంటి పెంపకానికి అనుమతి ఇచ్చిన మర్నాడు, పట్టుబడిన ప్రతి పొట్లమూ "మా పెరట్లోదే సార్" అవుతుంది. ఏది ఇంటిది, ఏది బస్తాలోది అని పోలీసు ఎట్లా తేల్చాల? పూతకి నంబరు ఉండాదా?

థాయ్‌లాండ్ చూడండి. 2022 జూన్‌లో మాదకద్రవ్యాల జాబితాలోంచి తీసేశారు, అమ్మకాన్ని అదుపు చేసే అసలు చట్టం మాత్రం రాలేదు. వీధి వీధికీ అంగళ్లు లేచినాయి. 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అన్నారు. ముందు తలుపు తీసి ఆ తర్వాత గుమ్మం కట్టినట్టుంది. అమ్మకం ఏ చోట అన్నది తేలనిదే ఇంటి పెంపకం మాట ఎత్తకూడదని నేనంటా. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో అంగళ్లు ఉన్నాయి, సరదా వాడకానికి ఇంటి పెంపకం మాత్రం లేదు. అట్లా కూడా నడుస్తుంది.

మూలాపేట వకీలు:
పోలీసు మాట న్యాయమే. కానీ బయట 30 గ్రాముల పైన ఉంటే అది ఇంటిదైనా నేరమే అని రాస్తే మూలం తేల్చే పనే లేదు. కెనడా చేసింది అదే. మనం ఇంట్లో ఉన్నదానికి ఒక పరిమితి, గడప దాటినదానికి ఇంకోటి పెట్టొచ్చు. బస్తా ఏ పరిమితిలోనూ పట్టదు.

నాకు బెంగగా ఉండేది అద్దె ఇళ్లు. ఇప్పటికే సెక్షన్ 46 ప్రకారం తన భూమిలో అక్రమ సాగు జరుగుతోందని తెలిసి చెప్పని యజమానికి శిక్ష ఉంది. ఇంటి పెంపకం వస్తే యజమాని రాతపూర్వక ఒప్పుదల అడగాలి, లేకపోతే కిరాయిదారు చేసిన పనికి ఇంటాయన ఠాణా మెట్లెక్కుతాడు.

కరెంటాఫీసు:
గదిలో పెంచేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 600 వాట్ల దీపం ఒక్కటి రోజుకి 12 గంటలు వెలిగితే 7.2 యూనిట్లు, నెలకి 216. ఎదిగే దశలో 18 గంటలు పెడితే 10.8, నెలకి 324. పైన ఏసీ, ఫ్యాన్లు. ఇంటి సర్వీసు ఒప్పంద లోడు కిలోవాటో రెండో ఉంటుంది, పాత ఇళ్లలో వైరు సన్నం. దీపాలు నాలుగైతే కాలేది మీటరు కాదు, వైరింగు. పల్లెలో అయితే బోరు లైను నుంచి తీగ లాగుతారు, అది ఉచిత కరెంటు. కాబట్టి షరతుల్లో ఒకటి: కృత్రిమ దీపాలు వద్దు, లేదా మొత్తం 300 వాట్లు మించొద్దు. తనిఖీకి ఇంట్లోకి పోవక్కర్లేదు, లోడు చూస్తే చాలు. మొక్కల సంఖ్య కంటే ఇది కొలవడం తేలిక.

పచ్చిరొట్ట:
దీపాలు వద్దంటే మన దగ్గర ఇంకో చిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వాన, అదే సమయంలో పగలు తగ్గి పూతకొచ్చే కాలం. పూత ముద్దగా ఉంటుంది, తడి లోపలే నిలుస్తుంది, బూజు పడుతుంది. ఆస్పర్‌జిల్లస్ బూజు రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల ఊపిరితిత్తులకి పట్టి ప్రాణాంతకం కావచ్చు. కంటికి కనపడకపోవచ్చు కూడా.

బూజు చూడగానే మనవాళ్లు చేసేది తెలుసుగా, మిర్చికి కొట్టే మందు తెచ్చి కొడతారు. మైక్లోబ్యుటానిల్ అట్లాంటిదే. తినే పంటకి దాని పరిమితులు వేరు. పొగ తాగేదానికి కొడితే వేడికి విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. కెనడాలో 2016-17లో లైసెన్సు ఉన్న వైద్య కంపెనీల సరుకులోనే ఇది దొరికి వెనక్కి తెప్పించారు. కంపెనీకే అట్లా జరిగితే పెరటి మొక్కకి పరీక్ష ఎవరు చేస్తారు? పేరు అడగకుండా అయిదు గ్రాములు తీసుకుని మందు అవశేషాలు, బూజు, మత్తునిచ్చే టీహెచ్‌సీ చూసి చెప్పే ప్రయోగశాల జిల్లాకి ఒకటి ఉండాలి. ఇది లేకుండా ఇంటి పెంపకానికి నేను ఒప్పుకోను.

ఆ నివేదికలో అంకె ఎట్లా వేయాలో కూడా చట్టమే చెప్పాలి. పచ్చి పూతలో ఉండేది ఎక్కువగా టీహెచ్‌సీ ఆమ్లం, వేడి తగిలితేనే టీహెచ్‌సీ అవుతుంది. ఆమ్లాన్ని 0.877తో గుణించి, ఉన్న టీహెచ్‌సీకి కలిపితే మొత్తం. ఇది రాయకపోతే ఒకే నమూనా ఒక ల్యాబ్‌లో 0.3 శాతం లోపు నార పంట, ఇంకో ల్యాబ్‌లో గంజాయి.

కొండపి బ్యారన్:
అయితే ఇల్లు వద్దు, సంఘం పెట్టండి. ఉరుగ్వేలో 15 నుంచి 45 మంది కలిసి 99 మొక్కల దాకా పెంచుకోవచ్చంట. జర్మనీలో సంఘానికి 500 మంది దాకా. ఒక షెడ్డు, ఒక తాళం, ఒక కాటా, ఒక పుస్తకం. బ్యారన్ మాదిరే. తనిఖీకి వచ్చినోడు ఎవరి పడకగదిలోకీ పోనక్కర్లా. ల్యాబ్‌కి నమూనా కూడా సంఘమే పంపుద్ది.

పెన్నాగట్టు:
సంఘం అయితే సగం ఒప్పుకుంటా. ఇరవై ఒకటి దాటినోళ్లకే, బడికి 200 మీటర్ల అవతల, అక్కడ కూర్చుని తాగడం లేకుండా. చిన్న వయసులో ఘాటైనది రోజూ తాగితే మతిభ్రమ ముప్పు పెరుగుతుంది, వయసు దగ్గర బేరం లేదు. తినే రకాలు అసలు వద్దు. పొగ నిమిషాల్లో తెలుస్తుంది, తిన్నది ఎక్కడానికి అర గంట నుంచి రెండు గంటలు. ఏమీ కాలేదని ఇంకో ముక్క తింటారు. పిల్లలు మిఠాయి అనుకుని తింటారు.

ట్రంకురోడ్డు:
అయితే ఇప్పటిదాకా కుదిరింది ఇది: గడపకి లెక్క, ఎండిన పూత బరువు, దీపాలకి వాట్ల పరిమితి, ఇంటాయన ఒప్పుదల, పేరు అడగని ల్యాబ్. ఇల్లా సంఘమా అన్నది తేలలేదు. వకీలు గారూ, కోత రోజు పరిమితి దాటితే ఏం చేయాలో రాయండి, జర్మనీ తప్పు మనకొద్దు.

మూలాపేట వకీలు:
ఇట్లా రాస్తాను. "కోత నుంచి 30 రోజుల దాకా బరువు పరిమితి వర్తించదు. ఆ తర్వాత మిగిలినది సంఘానికి గానీ ఎక్సైజు స్టేషన్‌కి గానీ రశీదు తీసుకుని అప్పగించాలి. అప్పగించినవారిపై కేసు ఉండదు."

కొండపి బ్యారన్:
కోత ఎప్పుడైందో ఎవడు చెబుతాడన్నా? ఆ 30 రోజులు రోజూ మొదలవుతూనే ఉంటాయి. కోతకి ముందు రోజు ఫోన్‌లో నమోదు పెట్టండి, నంబరు రావాలి. పొగాకు బేలుకి ఉన్నదే దీనికీ.